అల్యూమినియపు పడవకు తొలిపూత

ఊరగాయను సత్తు గిన్నెలో పెట్టరాదని తెలియని ఇల్లాలు శ్రీకాకుళం జిల్లాలో ఉండదు. పెడితే ఏమవుతుందో కూడ ఆమెకు తెలుసు. కొన్ని రోజులలో గిన్నె అడుగున తెల్లని పొడలు లేస్తాయి. వాటిని గోటితో గీకితే క్రింద సూదిమొన అంతటి గుంటలు కనిపిస్తాయి. మరికొంత కాలానికి గిన్నె కారటం మొదలుపెడుతుంది. అన్నం వండినా, పాలు కాచినా ఏళ్ళ తరబడి చెక్కుచెదరని గిన్నె, ఉప్పూ పులుపూ కలిసి నిలవ ఉండేసరికి చిల్లులు పడుతుంది. సత్తు అనీ, సిల్వరు అనీ మన ఇళ్ళలో పిలిచే ఈ లోహం అల్యూమినియమే.

వంటింటిలోనే ఇట్లు ఉంటే, అదే లోహంతో పడవ కట్టి ఉప్పునీటిలో దించితే ఏమి కావాలి? నిమ్మాడలో జాతీయ రహదారిపై నిలబడి ఈ ప్రశ్న వేసుకోవటం వింతగా తోచవచ్చు. కాని అక్కడినుంచి సముద్రంవైపు పోతే నౌపడా ఉప్పుమళ్ళు, భావనపాడు రేవు వస్తాయి. ఉత్తరంగా టెక్కలి దాటి పోతే పలాస, అక్కడి జీడి కర్మాగారాలు వస్తాయి. ఉప్పు, పడవ, జీడిపిక్క - ఈ మూడింటికీ అల్యూమినియపు పడవకు వేసే రంగుతో సంబంధం ఉన్నది. ముఖ్యంగా ఆ రంగు క్రింద వేసే తొలిపూతతో, అంటే రంగుపనివారు ప్రైమరు అని పిలిచే దానితో, సంబంధం ఉన్నది. అది ఎట్టిదో తెలియాలంటే పడవలోకి లోహం రాక పూర్వపు కాలంనుంచి ప్రారంభించాలి.

మేకు లేని పడవ

ఈ తీరంలో పూర్వం ముఖ్యంగా రెండు రకాల నావలు ఉండేవి. దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టిన తెప్ప ఒకటి. పలకలను కొబ్బరి త్రాటితో కుట్టిన పడవ రెండవది; దీనినే ఇంగ్లీషువారు మసూలా బోటు అన్నారు. కళింగపట్నం, బారువ రేవులలో ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసినపుడు, కెరటాలు దాటించి సరుకులనూ మనుషులనూ ఒడ్డుకు చేర్చినవి ఈ కుట్టు పడవలే. ఒడ్డునుంచి లాగే పెద్ద వలలను సముద్రంలో పరచటానికి కూడ వీటినే వాడేవారు.

కుట్టు పడవలో పలకకూ పలకకూ నడుమ గడ్డినో పీచునో కూరి, దానిపై త్రాడు వేసి బిగిస్తారు. లోపల పక్కటెముకలవంటి చట్రం లేదు. ఇనుప మేకు లేదు. కెరటం ఎత్తి ఇసుకపై విసిరినపుడు మేకులు కొట్టిన బిర్రు పడవ పగులుతుంది, కుట్టు పడవ వంగి సర్దుకుంటుంది. జాలరులు కోరినది ఆ వంగుడునే. కాని రసాయనశాస్త్ర దృష్టితో చూస్తే దీనికి మరొక గుణం కూడ కనిపిస్తుంది. లోహమే లేదు కనుక ఈ పడవలో సముద్రజలం విద్యుత్తును పుట్టించలేదు. త్రాడు కుళ్ళవచ్చు, పలక చివకవచ్చు. తుప్పు పట్టటానికి మాత్రం ఏమీ లేదు. పైగా పని కాగానే ఒడ్డుకు లాగి ఎండలో ఆరవేస్తారు కనుక అడుగున గుల్లలు పెరగవు. ఈ కారణాలచేత ఇక్కడి నావలకు రంగు అవసరం పెద్దగా కలుగలేదు.

నీటిలోనే నిలిచి ఉండే నావల సంగతి వేరు. వాటి అడుగున నాచు, బార్నకిల్ అనే గుల్లలు పెరిగి వేగాన్ని తగ్గిస్తాయి. కొయ్యను తొలిచే ఓడపురుగు పలకను జల్లెడ చేస్తుంది. పేరుకు పురుగే గాని అది ఆల్చిప్పల జాతికి చెందిన జీవి. ఈ బాధ పడలేకనే మొదట కొయ్య ఓడలకు లోహపు తొడుగు వేశారు. అల్యూమినియపు పడవ రంగుకు సంబంధించిన మొదటి పాఠం ఆ తొడుగులోనే దొరికినది. అప్పటికి అల్యూమినియం అనే లోహం ఒకటున్నదని ఎవరికీ తెలియదు.

గోధుమరంగు కాగితం

1761లో బ్రిటిషు నౌకాదళంవారు అలారం అనే 32 తుపాకుల యుద్ధనౌక అడుగున పల్చని రాగి రేకులు తొడిగి వెస్టిండీసు సముద్రాలకు పంపారు. 1763లో దానిని పరీక్షించగా రాగి రేకులు చక్కగా ఉన్నవి. పురుగు పట్టలేదు, గుల్లలు పెద్దగా లేవు. కాని రేకులను ఓడకు పట్టి ఉంచిన ఇనుప మేకులు పెక్కుచోట్ల తినివేయబడి, రేకులు ఊడిపోయినవి. వింత ఏమంటే కొన్ని మేకులు మాత్రం చెడలేదు. ఆ మేకుల చుట్టూ పరిశీలించగా, రాగి రేకులను చుట్టి పంపిన గోధుమరంగు కాగితాన్ని పనివారు తొలగించకుండానే మేకులు కొట్టినట్లు తేలినది. కాగితం అడ్డు ఉన్నచోట ఇనుము నిలిచినది; కాగితం చిరిగి, రాగి ఇనుమును తాకినచోట ఇనుము కరిగిపోయినది. ఇనుమూ రాగీ ఒకదానినొకటి తాకకుండా చూడవలెనని పరీక్షకులు నిర్ధారించారు.

ఎందుచేతనో మాత్రం వారు చెప్పలేకపోయారు. వోల్టా తన విద్యుద్ఘటాన్ని ప్రకటించినది 1800లో. రెండు భిన్న లోహాలు, వాటి నడుమ ఉప్పునీరు - ఇవి ఉంటే విద్యుత్తు పారుతుందనీ, ఆ లోహాలలో ఒకటి కరుగుతుందనీ అప్పటినుంచి అర్థమవుతూ వచ్చినది. 1824లో సర్ హంఫ్రీ డేవీ దీనినే తిరగవేశాడు. కరిగేది ఇనుమే అయితే, రాగి తొడుగుకు బుద్ధిపూర్వకంగా ఇనుప ముక్కలు తగిలించి, వాటిని బలి ఇచ్చి రాగిని కాపాడవచ్చునని చూపాడు. ప్రయోగం ఫలించినది, కాని ఓడ పాడైనది. రాగి కరగటం ఆగిపోగానే దాని విషం నీటిలోకి రావటం కూడ ఆగినది. గుల్లలు దండిగా పట్టినవి. రాగి తొడుగు ఓడను శుభ్రంగా ఉంచినది తాను మెల్లమెల్లగా కరగటం మూలాననే. శాస్త్రం గెలిచి పని చెడిన ఇటువంటి ఉదాహరణలు చరిత్రలో కొద్దిగానే ఉన్నవి. విద్యార్థులకు చెప్పదగినది ఇది.

వెండివంటి పడవలు

1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరినొకరు ఎరుగకుండానే విద్యుద్విశ్లేషణచేత అల్యూమినియం తీసే పద్ధతిని కనుగొన్నారు. అంతవరకు నగలకు వాడిన లోహం కొద్ది సంవత్సరాలలోనే గిన్నెల లోహం అయినది. మన దేశంలో దీనికి ఆద్యుడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్. ఆయన 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియపు పాత్రల తయారీని ప్రారంభించాడు. నాడు టెక్కలి, పలాస ప్రాంతాలు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. ఈనాడు నిమ్మాడలో ప్రతి ఇంటా కనిపించే సత్తు గిన్నెకు మూలం అక్కడ ఉన్నది.

పడవలు కట్టేవారు గిన్నెలవారికంటె ముందే మేలుకొన్నారు. ఘనపు సెంటీమీటరు ఇనుము 7.8 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 గ్రాములే తూగుతుంది. అంత తేలిక లోహం ఓడ కట్టేవానికి ఎంత ఆశ పుట్టించి ఉంటుందో ఊహించవచ్చు. స్విట్జర్లండులో 1891లోనే ఒక చిన్న అల్యూమినియపు పడవను సరస్సులో నడిపారు. సరస్సు మంచినీరు కనుక బ్రతికిపోయినది. 1894లో ఇంగ్లండులోని యారో కంపెనీ ఫ్రెంచి నౌకాదళంకోసం ఒక టార్పెడో పడవను అల్యూమినియంతో కట్టినది. ఉక్కు పడవలకంటె వేగంగా పోయినది. కాని బలం కోసం అల్యూమినియంలో నూటికి 6 పాళ్ళు రాగి కలిపారు. లోహంలోపలే రాగి ఉన్నపుడు ఉప్పునీరు చేయగలిగినదంతా చేసినది; పడవ త్వరలోనే తినివేయబడినది.

1895లో అమెరికాలో నథానియల్ హెర్రషాఫ్ నిర్మించిన డిఫెండర్ అనే పందెపు నావ కథ ఇంకా స్పష్టం. నీటి క్రింది భాగం కంచు, పై భాగం అల్యూమినియం, పక్కటెముకలు ఉక్కు. మూడు లోహాలను ఒకచోట చేర్చి బిగించి, సముద్రంలో దించారు. అది గొప్ప విద్యుద్ఘటమే గాని మరొకటి కాదు. డిఫెండర్ ఆ ఏటి అమెరికా కప్పు పందెం గెలిచినది. 1901 నాటికి దానిని విరిచివేయవలసి వచ్చినది. అలారం ఓడలోని కాగితం సంగతి అచ్చయి ఉన్నా, నూరేళ్ళ తరువాత ఒక గొప్ప శిల్పికి అది పనికిరాలేదు. గెలుపుకు వేగమే కావలసి, ఓడ ఎన్నాళ్ళు నిలిచినా చాలుననుకున్నారేమో కూడ.

ఇక్కడ చిన్న లెక్క వేయటం మంచిది. ఫారడే నియమం ప్రకారం ఒక ఆంపియరు విద్యుత్తు ఒక సంవత్సరం ఎడతెగక పారితే సుమారు 2.9 కిలోగ్రాముల అల్యూమినియం కరుగుతుంది. పడవలో అంత విద్యుత్తు ఎక్కడిది అనవచ్చు. అందులో వెయ్యవ వంతే పారినా సంవత్సరానికి 2.9 గ్రాములు, అనగా ఒక ఘనపు సెంటీమీటరుకు కొంచెం పైన, కరుగుతుంది. 3 మిల్లీమీటర్ల రేకులో అది మూడున్నర చదరపు సెంటీమీటర్ల కంత. పడవ మునగటానికి అంతకంటె చిన్నది చాలు. రేకంతటా సమంగా అరిగితే ఏళ్ళు గడిచినా తెలియదు. ఒక్కచోట గుంటగా తినటమే ప్రమాదం. ఊరగాయ గిన్నెలో జరిగేది కూడ ఇదే.

రంగు ఎందుకు నిలవదు?

అల్యూమినియం నిజానికి మిక్కిలి చురుకైన లోహం. గాలి తగిలీ తగలగానే ప్రాణవాయువుతో కలిసి తనపై తానే ఒక పొర పరచుకుంటుంది. ఆ పొర మందం కొద్ది నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో కొన్ని లక్షలవ వంతులు. గట్టిగా అంటిపెట్టుకొని ఉండే ఆ పొరే లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు అయాన్లు దానిని అక్కడక్కడ ఛేదిస్తాయి. రాగి లేకుండా మెగ్నీషియం కలిపిన మిశ్రమలోహాలలో ఈ ఛేదన బాగా తక్కువ. 1930 ప్రాంతంలో అటువంటి లోహాలు రావటంతో అల్యూమినియపు నావలు మరల తలెత్తినవి. నేడు నావలకు విరివిగా వాడే 5083 అనే మిశ్రమలోహంలో నూటికి నాలుగున్నర పాళ్ళ వరకు మెగ్నీషియం ఉంటుంది. 1952లో అట్లాంటిక్ సముద్రం దాటిన యునైటెడ్ స్టేట్స్ అనే ప్రయాణపు ఓడ పై అంతస్తులన్నీ అల్యూమినియంవే.

లోహం కుదిరినది, రంగు కుదరలేదు. రేకుపై నేరుగా వేసిన రంగు కొన్నాళ్ళకు పొలుసులుగా లేచిపోయేది. రంగు అంటుకున్నది లోహానికి కాదు, దానిపైనున్న పొరకు, ఆ పొరపైనున్న నూనె జిడ్డుకు, తేమకు. మన కళాయి పనివాడు దీనిని ఎంత బాగా ఎరుగును! ఇత్తడి గిన్నెను ఇసుకతో తోమి, కొలిమిపై కాచి, నవాసారం చల్లుతాడు. తెల్లని పొగ లేస్తుంది. నవాసారం వేడికి విడిపోయి పుట్టిన ఆమ్లం ఇత్తడిపైనున్న ఆక్సైడును తినివేస్తుంది; అప్పుడు తగరం అంటుకుంటుంది. పొగ లేవకముందు ఎంత రుద్దినా తగరం ముద్దలు కట్టి దొర్లిపోతుంది.

అల్యూమినియంతో చిక్కు ఏమంటే, తోమిన క్షణంలోనే పొర మరల వస్తుంది. కనుక నవాసారం పనిని రంగులోనే కలపవలసి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా నౌకాదళంకోసం చేసిన వాష్ ప్రైమరు సరిగా ఇటువంటిదే. దానిలో మూడు వస్తువులు ముఖ్యం. భాస్వికామ్లం పాత పొరను కొరికి దానిచోట ఫాస్ఫేటు పొరను పరుస్తుంది. పాలివినైల్ బ్యుటిరాల్ అనే జిగురు పైరంగును పట్టి ఉంచుతుంది. మోటారుకార్ల అద్దాలు పగిలినా చిమ్మకుండా రెండు గాజుపలకల నడుమ పెట్టేది కూడ ఈ జిగురే. మూడవది పసుపుపచ్చని జింకు క్రోమేటు. 1930వ దశకంలోనే విమానాల రేకులకు దీనిని వాడటం మొదలైనది. గీత పడి నీరు లోపలికి ఊరినపుడు అది కొద్దిగా కరిగి, క్రోమేటు అయాన్లు గుంట మొదలయ్యే చోటికి చేరి అక్కడ లోహాన్ని మొద్దుబారుస్తాయి. ఇల్లు కాచే కాపలావాడు దొంగ చొరబడిన చోటికే పోయి నిలబడినట్లు ఉంటుంది దాని పని.

ఇదంతా తెలియనివారు ఇనుముకు వేసే సింధూరపు రంగునే అల్యూమినియానికీ వేశారు. సింధూరం సీసపు ఆక్సైడు. ఇనుముపై అది ఎంతో మంచి తొలిపూత. అల్యూమినియంపై అయితే కరిగిన సీసపు అయాన్లు లోహపు సీసంగా మారి రేకుపై కూర్చుంటాయి. ప్రతి రేణువూ ఒక చిన్న ఘటం అవుతుంది. రాగి కలిసిన గుల్లనాశక రంగులు ఇంతకంటె హానికరం. గుల్లలు పట్టకుండా వేసిన పూతే పడవకు చిల్లులు పెట్టినది. డిఫెండర్‌లో కంచు చేసిన పనిని ఇక్కడ డబ్బాలోని రంగు చేసినది.

మన రేవులలో

ఈ కథ తెలుగు తీరానికి వచ్చినది కొయ్య పడవల ద్వారానే. విశాఖపట్నం రేవులో ఏ ఋతువులో ఏ గుల్లలు పడతాయో, ఏ ప్రాణులు కొయ్యను తొలుస్తాయో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు శ్రద్ధగా పరిశీలించి 1958లో ప్రచురించారు. ఉష్ణ సముద్రాలలో గుల్లలకు శీతాకాలపు విరామం లేదు. ఏడాది పొడుగునా పడుతూనే ఉంటాయి.

1957లో కొచ్చిన్‌లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ 1960వ దశకంలో ఒక మంచి మార్గం చూపినది. అప్పుడప్పుడే వచ్చిన మర పడవల అడుగున రాగి రేకు తొడిగేవారు. రాగి ఖరీదైనది, చాలవరకు విదేశాలనుంచి రావలసినది. దానికి బదులు మెగ్నీషియం కలిసిన అల్యూమినియపు రేకును వాడవచ్చునని ఆ సంస్థవారు పరీక్షించి చెప్పారు. అదే మందంగల రేకు రాగిలో మూడవ వంతుకంటె కూడ తక్కువ తూగుతుంది. ఓడపురుగు దానిని తొలవలేదు. రాగివలె గుల్లలను చంపదు కనుక పైన రంగు తప్పనిసరి; ఆ రంగులో రాగి ఆక్సైడు ఉండరాదు. ఈ విధంగా మన దేశంలో తొలిపూత సమస్య యుద్ధనౌకలనుంచి మత్స్యకారుని పడవకు దిగివచ్చినది. ఈ సంస్థకు విశాఖపట్నంలో కూడ పరిశోధన కేంద్రం ఉన్నది.

విశాఖపట్నంలోనే అటవీ పరిశోధకులు మరొక త్రోవ పట్టారు. తెప్ప దుంగలకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను ఒత్తిడితో ఎక్కించి, పురుగు పట్టకుండా ఎన్నేళ్ళు నిలుస్తాయో జాలరుల చేతనే వాడించి చూశారు. దుంగలు బాగా నిలిచినవి. అయితే ఈ రెండు మంచి ఉపాయాలను ఒకచోట చేర్చరాదు. అటువంటి కొయ్యపై అల్యూమినియపు రేకు తొడిగితే, కొయ్యలోని రాగి తడికి ఊరి వచ్చి రేకును లోపలినుంచి తింటుంది. అలారం ఓడలోవలె నడుమ ఒక అడ్డు పొర ఉండాలి.

రాగి పనికిరాదు కనుక తగరాన్ని ఆశ్రయించారు. ట్రైబ్యుటైల్ తగరం అనే కర్బన సమ్మేళనం గుల్లలను అద్భుతంగా నివారించినది. అల్యూమినియానికి హాని చేయదు. కాని ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతినటంతో 1982లో అక్కడ 25 మీటర్లలోపు పడవలకు దానిని నిషేధించారు. 1988లో అమెరికా కూడ చిన్న పడవలకు నిషేధించినది. అల్యూమినియపు పడవలను మాత్రం మినహాయించినది, ఏలనగా వాటికి వేరే గతి లేదు. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చాక ఆ మినహాయింపులకు కూడ కాలం చెల్లినది. నేడు అల్యూమినియపు పడవలకు మందంగా ఎపాక్సీ అడ్డుపూత వేసి, దానిపై రాగి ఆక్సైడు కాక రాగి థయోసయనేటు గల రంగునో, రాగి అసలే లేని రంగునో వేస్తారు.

పూత వేయటం

ఉద్దానం తీరంలో నేడు ఎక్కువగా కనిపించేవి ఫైబరు పడవలు. అల్యూమినియం ఇక్కడ పెద్దగా కనబడదు గాని, భారత తీరరక్షక దళం వాడే వేగపు గస్తీ పడవలలో పెక్కింటి పొట్ట అల్యూమినియందే. అటువంటిదానికి ఈ తీరంలో తొలిపూత వేయవలసి వస్తే పనివాడు మొదట పోరాడవలసినది నౌపడా ఉప్పుతోనే. సముద్రపు గాలి మోసుకువచ్చే ఉప్పు కంటికి కనిపించకుండా రేకుపై కూర్చుంటుంది. రంగు క్రింద చిక్కిన ఉప్పురేణువు రంగుగుండా తేమను పీల్చుకొని బొబ్బ లేపుతుంది. అందుచేత ముందు మంచినీటితో కడగాలి. తరువాత జిడ్డును ద్రావకంతో, శుభ్రమైన గుడ్డలు తరచుగా మారుస్తూ తుడవాలి. గరుకు పెట్టటం ఆ తరువాతి పని. జిడ్డు తీయకుండా రుద్దితే జిడ్డును గీతలలోకి కూరినట్లవుతుంది.

రుద్దటానికి అల్యూమినియపు ఆక్సైడు కాగితం వాడాలి. ఇనుప తీగల బ్రష్షు వాడరాదు, దాని తునకలు రేకులో గుచ్చుకొని అక్కడే తుప్పు పడతాయి. రుద్దిన కొద్ది గంటలలో తొలిపూత వేయాలి. లోహం ఉష్ణోగ్రత మంచుబిందువుకంటె కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. శీతాకాలపు తెల్లవారు జామున రేకుపై మంచు పట్టి ఉంటుంది. కంటికి ఆరినట్లున్నా ఎండ బాగా ఎక్కేదాక ఆగటమే మంచిది. వాష్ ప్రైమరును పల్చగా, క్రిందిది కనిపించేటంత పల్చగా వేయాలి. మందంగా వేస్తే బలం అనుకోవటం పొరపాటు. మిగిలిపోయిన ఆమ్లం తరువాత ఊరుకోదు.

ప్రతి దినం ఇసుకపైకి లాగే చిన్న పడవ అయితే అడుగుకు రంగు వేయకపోవటమే నయం. ఇసుక ఎట్లాగూ దానిని గీకివేస్తుంది, సగం లేచిన రంగు అంచున నిలిచే తడి బోసి లోహంకంటె త్వరగా గుంట పెడుతుంది. ఈ సంగతి రంగు అమ్మేవారు చెప్పరు.

పలాస జీడిపిక్క

క్రోమేటు కాపలా కూడ హాని లేనిది కాదు. షడ్బంధక క్రోమియం సమ్మేళనాలు మనుషులకు పుట్టకురుపు కలిగిస్తాయని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1990లో నిర్ధారించినది. పాత పసుపుపచ్చని పూతను పొడిగా రుద్దిన పనివాని ఊపిరితిత్తులలోకి పోయేది అదే. పడవను కాపాడిన వస్తువు పడవ గీకేవానిని కాపాడలేదు. కనుక క్రోమేటును తొలగించి, ఎపాక్సీ జిగురుపై ఆధారపడిన తొలిపూతలవైపు ప్రపంచం మళ్ళుతున్నది.

ఎపాక్సీ రెండు డబ్బాల రంగు. ఒకటి జిగురు, రెండవది దానిని గట్టిపరిచేది. మామూలు గట్టిపరిచే ద్రవ్యాలు గాలిలోని తేమతోనూ బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి పైన మైనంవంటి పొర కట్టి, మరుసటి పూతను అంటనీయవు. దీనికి ఒక పరిష్కారం జీడిపిక్క తొక్కలో దొరికినది.

జీడిచెట్టు బ్రెజిలునుంచి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చినది. తొక్క బరువులో సుమారు నాలుగవ వంతు చిక్కని నల్లని నూనె ఉంటుంది. చర్మంపై పడితే బొబ్బలెక్కుతుంది. పలాసలో పిక్కలు ఒలిచే స్త్రీల వేళ్ళు చూసినవారికి దీని శక్తిని గూర్చి చెప్పనక్కరలేదు. పడమటి తీరంలో ఈ నూనెను పడవ పలకలకు పూర్వంనుంచీ పూసేవారు. దీనిలోని ముఖ్య పదార్థమైన అనకార్డిక్ ఆమ్లాన్ని 1847లో ష్టెడెలర్ వేరుచేశాడు. దానిని కాస్తే బొగ్గుపులుసు వాయువు పోయి కార్డనాల్ మిగులుతుంది. అది ఒక ఫీనాలు. దానికి 15 కర్బన పరమాణువుల పొడుగాటి తోక ఉంటుంది. అమెరికాలో మార్టిమర్ హార్వీ 1920వ దశకంనుంచి ఈ నూనెతో వార్నిషులు, జిగురులు, మోటారు బ్రేకుల పొడి చేసే మార్గాలు కనుగొన్నాడు.

కార్డనాల్‌ను ఫార్మాల్డిహైడుతోనూ ఒక డైఅమీనుతోనూ కలిపితే ఫీనాల్కమైను అనే ద్రవ్యం వస్తుంది. ఎపాక్సీని గట్టిపరచటంలో దీనికి తేమ అడ్డు రాదు. చమురువంటి ఆ పొడుగాటి తోక నీటిని దరిచేరనీయదు. చలిలో కూడ త్వరగా గట్టిపడుతుంది. అందుచేత నేడు ఓడల తొలిపూతలలో ఇది విరివిగా వాడుకలో ఉన్నది. తడిసిన ఉప్పుగాలిలో పనిచేసే తొలిపూతకు కావలసిన ముడిసరుకు, అటువంటి గాలిలోనే పెరిగే చెట్టునుంచి రావటం కాకతాళీయమే గాని ముచ్చటైన విషయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరలో తీరం దాటినపుడు ఉద్దానంలో కొబ్బరితోపాటు ఈ జీడితోటలు కూడ నేలకొరిగినవి, రేవులలో పడవలూ వలలూ పోయినవి.

ఉపాధ్యాయులు ఈ చరిత్రలో ముఖ్యభాగాన్ని మూడు గాజు గ్లాసులలో చూపవచ్చు. లీటరు నీటికి 35 గ్రాముల కల్లుప్పు కలిపి గ్లాసులు నింపాలి. పాత సత్తు గిన్నెనుంచి కత్తిరించి బాగా తోమిన మూడు రేకుముక్కలు కావాలి. మొదటి ముక్కను ఊరకే వేయాలి. రెండవదానికి పైపూత గీకిన రాగి తీగను నాలుగు చుట్లు బిగించి వేయాలి. మూడవదానికి మైనం పట్టించిన కాగితం చుట్టి, దానిపై అదే తీగను అదేవిధంగా చుట్టాలి. తీగ రేకును ఎక్కడా తాకరాదు. రోజూ ఒకే వేళకు చూసి, వ్రాసుకొంటూ రావాలి. వారం పది రోజులకు రెండవ గ్లాసులో తీగ వెంబడి గంజివంటి తెల్లని పదార్థం కూడుకుంటుంది. దానిని కడిగివేసి, రేకును ఎండకు ఎదురుగా పట్టి, మొదటి, మూడవ ముక్కలతో పోల్చి చూడాలి.